మోటారు సైకిలు దీపం – ఎంత వెలుగు చాలు?

భిలాయి ఉక్కు కర్మాగారంలో రాత్రి పది గంటలకు ఒక షిఫ్టు ముగిసి మరొకటి మొదలవుతుంది. దిగేవారూ ఎక్కేవారూ ఇంచుమించు ఒకే వేళకు రోడ్డు మీదికి వస్తారు. ఖుర్సీపార్ బస్తీ నుంచి బయలుదేరిన మోటారు సైకిళ్ళు, పవర్ హౌస్ వైపు నుంచి తిరిగివచ్చే మోటారు సైకిళ్ళు, దుర్గ్ – రాయపూర్‌ల నడుమ రాత్రంతా నడిచే లారీలు, వాటి మధ్య వెనుక దీపమైనా లేని సైకిళ్ళు, అప్పుడప్పుడు రోడ్డు నడుమ తీరిగ్గా పడుకొని నెమరువేసే పశువులు – ఇన్నిటి మధ్య ఒక మనిషిని ఇంటికి చేర్చవలసినది అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న గాజు బుడ్డి. ఆ బుడ్డి గురించే ఈ నెల ముచ్చట.

ఖుర్సీపార్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉన్నది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను ప్రారంభించారు. ఆ రోజులలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ ఉక్కునగరంలో స్థిరపడినవి. ఖుర్సీపార్ వీధులలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. తాతలు సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్ళారు. మనవలు మోటారు సైకిలు మీద వెళుతున్నారు. సైకిలు వేగానికి కిరోసిన్ దీపమో, చక్రానికి ఒరుసుకొని తిరిగే డైనమో దీపమో సరిపోయినది. గంటకు 60 కిలోమీటర్ల వేగానికి ఆ లెక్క కుదరదు. అందువలన విడిభాగాల దుకాణాలలో తరచుగా వినిపించే కోరిక ఒకటే: ‘‘అన్నా, వెలుగు బాగా కొట్టే బల్బు ఇవ్వండి!’’

కోరిక న్యాయమైనదే. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో నూటికి సుమారు 45 మంది ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారే. మరొక 19 మందికి పైగా కేవలం నడిచి వెళుతున్నవారు. అనగా ఈ విషయంలో ఇద్దరు మనుషుల ప్రాణాలు ముడిపడి ఉన్నవి: దీపం వెనుక కూర్చున్నవాడు ఒకడు, దీపానికి ఎదురుగా వచ్చేవాడు ఒకడు. బల్బు ఎన్నుకునేటప్పుడు మొదటివాడిని మాత్రమే తలచుకుంటే లెక్క తప్పుతుంది.

రెట్టింపు వెలుగు రెట్టింపు దూరం కాదు

ముందుగా ఒక చిన్న లెక్క. దీపం నుంచి బయలుదేరిన వెలుగు ముందుకు పోయేకొద్దీ నలువైపులా పరచుకుంటుంది. దూరం రెండింతలైతే అదే వెలుగు నాలుగింతల వైశాల్యం మీద పడవలసి వస్తుంది. కనుక ఒక్కొక్క వస్తువు మీద పడేది నాలుగో వంతు మాత్రమే. దీనినే భౌతికశాస్త్రంలో విలోమ వర్గ నియమం అంటారు. దీని ఫలితమేమిటంటే, ఇప్పుడు 40 మీటర్ల దూరంలో కనిపించే గుంటను 80 మీటర్ల దూరం నుంచే చూడాలంటే రెండింతల వెలుగు చాలదు, నాలుగింతలు కావాలి. రెట్టింపు వెలుగుతో మనకు అదనంగా దొరికే దూరం నూటికి 41 వంతులు మాత్రమే. డబ్బా మీద ‘30 శాతం అధిక కాంతి’ అని ఉన్న బల్బు నిజంగానే అంత కాంతి ఇచ్చినా, చూపు పెరిగేది నూటికి 14 వంతులు.

ఇప్పుడు వేగం సంగతి చూద్దాము. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదుట ఏదో ఉన్నదని కన్ను గ్రహించి, మనసు నిర్ణయించి, చెయ్యి బ్రేకు పట్టేలోగా సుమారు ఒకటిన్నర సెకను గడుస్తుంది. అప్పటికే వాహనం 25 మీటర్లు పోయి ఉంటుంది. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, ఆగడానికి ఇంకొక 28 మీటర్లు. మొత్తం 53 మీటర్లు. అదే 50 కిలోమీటర్ల వేగంలో అయితే మొత్తం 40 మీటర్లు చాలును. 40 కిలోమీటర్ల వేగంలో 29 మీటర్లు చాలును.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. వేగం 60 నుంచి 50కి తగ్గిస్తే 13 మీటర్లు కలిసివస్తాయి. ఆ 13 మీటర్లను బల్బుతోనే సంపాదించదలచుకుంటే ఇప్పుడున్న వెలుగు ముప్పావు వంతు పెరగాలి. అనగా ఏ దుకాణంలోనూ కొననక్కరలేని, ఖర్చు లేని, కాలిపోని మేలైన బల్బు ఒకటి మన కుడిచేతి గుప్పిటిలోనే ఉన్నది. దాని పేరు యాక్సిలరేటరు. అంతమాత్రాన బల్బు అనవసరమని కాదు. దాని నుంచి ఎంత ఆశించవచ్చునో తెలుసుకొని కొనడం మంచిదని చెప్పడమే ఉద్దేశం.

బుడ్డి లోపలి కథ

మోటారు సైకిళ్ళు పుట్టిన తొలి రోజులలో వాటికి కార్బైడు దీపాలు ఉండేవి. కార్బైడు ముక్కల మీద నీటిబొట్లు పడి వాయువు పుట్టి, ఆ వాయువు మండి వెలుగునిచ్చేది. తరువాత విద్యుత్తు బల్బు వచ్చినది. అందులోని టంగ్‌స్టన్ తంతువు వేడెక్కి వెలుగుతుంది; వెలుగుతూనే అణువణువుగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాజుకు లోపలివైపున నల్లని మసిలా పేరుకుంటుంది. అందుచేతనే పాత బల్బులు కాలిపోవడానికి చాలా ముందే మసకబారేవి.

ఈ లోపానికి విరుగుడు 1959లో దొరికినది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఎల్మర్ ఫ్రిడ్రిక్, ఎమ్మెట్ వైలీ అనే ఇద్దరు ఆ సంవత్సరం హాలోజన్ దీపానికి పేటెంటు పొందారు. బల్బులో అయోడిన్ లేదా బ్రోమిన్ వంటి హాలోజన్ మూలకాన్ని స్వల్పంగా చేరిస్తే, ఆవిరైన టంగ్‌స్టన్ దానితో కలిసి, గాజుకు అంటుకోకుండా తిరిగి తంతువు దగ్గరకే చేరుతుంది. అయితే ఈ చక్రం తిరగడానికి బల్బు గోడ దాదాపు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉండాలి. అందుకే హాలోజన్ బల్బు చిన్నదిగా ఉంటుంది; మామూలు గాజుకు బదులు అధిక వేడిని తట్టుకునే క్వార్ట్‌జ్ వాడతారు. 1962లో ఐరోపా కార్లకు మొదటి హాలోజన్ బల్బు వచ్చినది. దూరపు వెలుగుకూ దగ్గరి వెలుగుకూ రెండు తంతువులు ఒకే బుడ్డిలో ఉన్న హెచ్.4 రకం 1971లో వచ్చినది.

మన మోటారు సైకిళ్ళలో నేటికీ విరివిగా కనిపించే హాలోజన్ బల్బులు ప్రధానంగా రెండు రకాలు. స్ప్లెండర్ తరగతికి చెందిన చాలా వాహనాలలో హెచ్.ఎస్.1 అనే 35/35 వాట్ల బల్బు ఉంటుంది. 350 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్ వంటి పెద్ద వాహనాలలో హెచ్.4 అనే 60/55 వాట్ల బల్బు వాడారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13.2 వోల్టుల వద్ద హెచ్.ఎస్.1 దూరపు వెలుగు 825 ల్యూమెన్లు, దగ్గరి వెలుగు 525 ల్యూమెన్లు. హెచ్.4 అయితే 1650, 1000. అనగా ఇంచుమించు సరిగ్గా రెట్టింపు. ఈ అంకెలే మన యువకులను ఊరిస్తాయి.

చిన్న బండికి పెద్ద బల్బు

హెచ్.ఎస్.1 ఉన్న హోల్డరులో హెచ్.4ను ఇరికించడం మెకానిక్కుకు పెద్ద పని కాదు. రెండిటి పళ్ళెం చెవులలో ఉన్నది స్వల్ప భేదమే; ఆకురాయితో కాస్త అరగదీస్తే కూర్చుంటుంది. కాని కూర్చున్నంత మాత్రాన కుదిరినట్లు కాదు.

35 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 60 వాట్ల బల్బుకు 5 ఆంపియర్లు కావాలి. కొందరు ఉత్సాహవంతులు పెట్టించుకునే 100/90 వాట్ల బల్బుకు 8 ఆంపియర్లకు పైగా కావాలి. తయారీదారు వేసిన సన్నని తీగలు, హ్యాండిలు మీది చిన్న స్విచ్చి, ప్లాస్టిక్ హోల్డరు – ఇవన్నీ 3 ఆంపియర్లను దృష్టిలో పెట్టుకొని చేసినవి. కరెంటు పెరిగితే తీగలో పుట్టే వేడి దాని వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 3 ఆంపియర్లకు బదులు 5 ఆంపియర్లు పోతే వేడి దాదాపు మూడింతలు. మొదట హోల్డరు గోధుమరంగుకు తిరుగుతుంది, తరువాత మెత్తబడుతుంది. రిఫ్లెక్టరు మీది వెండిపూత మచ్చలు పడుతుంది. ముందున్న కవరు ప్లాస్టిక్కుదైతే పసుపురంగుకు తిరుగుతుంది. ఆరు నెలలు గడిచేసరికి, పెద్ద బల్బు పెట్టుకున్న బండి పాత చిన్న బల్బుకన్న తక్కువ వెలుగు ఇచ్చే అవకాశమున్నది. అంతకు మించి, స్విచ్చి గాని తీగ గాని మాడిపోయి నడిరోడ్డు మీద ఒక్కసారిగా చీకటి కమ్మితే దాని ఫలితం చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. పాతకాలపు చిన్న మోటారు సైకిళ్ళలో పెక్కింటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక నేరుగా మాగ్నెటో నుంచి వచ్చే కరెంటు మీద వెలుగుతుంది. ఇంజను నెమ్మదించగానే దీపం కునుకుతుంది. అటువంటి బండిలో పెద్ద బల్బు పెడితే మాగ్నెటో అంత కరెంటు అందించలేక వోల్టులు పడిపోతాయి. 60 వాట్ల బల్బు ఎర్రగా గుడ్డిగా వెలుగుతుంది. డబ్బు పోయి చీకటి మిగులుతుంది. బండి ఏ రకానిదో తెలుసుకోవడం సులువే: ఇంజను ఆపి, తాళంచెవి తిప్పి, హెడ్‌లైటు స్విచ్చి వేసి చూడండి. పాత బండిలో దీపం వెలిగితే బ్యాటరీ మీద నడుస్తున్నట్లు. వెలగకపోతే మాగ్నెటో మీద నడుస్తున్నట్లు. 2017 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన కొత్త ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు తానుగా వెలిగి ఉండాలన్న నియమం ఉన్నది కనుక వాటికి ఈ పరీక్ష పనికిరాదు. వాటి వివరం యజమాని పుస్తకంలో చూడవలసినదే.

దారిలో పోయే వెలుగు

బల్బు మార్చేముందు చూడవలసినది బల్బుకు అందుతున్న వోల్టులు. ఈ విషయం దుకాణంలో సాధారణంగా ఎవరూ చెప్పరు. తంతువు ఇచ్చే వెలుగు వోల్టులతో పాటు సమానంగా పెరగదు. వోల్టులు కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. 13.2 వోల్టులు అందవలసిన చోట తుప్పుపట్టిన కనెక్షన్ల వలన 12.2 వోల్టులే అందితే, పోయినది ఒక్క వోల్టే అయినా వెలుగులో దాదాపు నాలుగో వంతు పోతుంది. ఆ ఒక్క వోల్టును తిరిగి రాబట్టితే, పాత బల్బే నూటికి 30 వంతులు ఎక్కువగా వెలుగుతుంది. ‘30 శాతం అధిక కాంతి’ డబ్బాలోని సరుకు ఇదే కదా!

కనుక హోల్డరులోని లోహపు కొనలను శుభ్రం చేయించండి. దీపం నుంచి చట్రానికి పోయే ఎర్తు తీగను విప్పి, తుప్పు గీకించి, గట్టిగా బిగించండి. వోల్టు మీటరుతో బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు, దీపం వెలుగుతుండగా హోల్డరు దగ్గర ఎన్ని వోల్టులు అని కొలిపించండి. రెండిటికీ అర వోల్టుకు మించి తేడా ఉంటే దోషం బల్బుది కాదు, తీగలది. బ్యాటరీ మీద నడిచే పెద్ద బండ్లలో హెడ్‌లైటుకు ప్రత్యేకంగా మందమైన తీగలు, రిలే, ఫ్యూజు వేయిస్తే కరెంటు స్విచ్చి గుండా కాక నేరుగా బల్బుకు చేరుతుంది. రిలే అనేది చిన్న కరెంటు ఆజ్ఞతో పెద్ద కరెంటును కలిపే మధ్యవర్తి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించాలి.

అయితే వోల్టులు మితిమీరినా ప్రమాదమే. 5 శాతం ఎక్కువైతే బల్బు ఆయువు ఇంచుమించు సగమవుతుంది. తరచుగా బల్బులు కాలిపోతుంటే బల్బు కంపెనీని నిందించేముందు రెగ్యులేటరును పరీక్షింపజేయాలి.

నీలి రంగు మోజు

దుకాణంలో గాజు సీసాలవలె నీలిరంగులో మెరిసే బల్బులు కొన్ని ఉంటాయి. వెలిగిస్తే ఖరీదైన కార్ల దీపాలవలె తెల్లగా కనిపిస్తాయి. హాలోజన్ వెలుగు సహజంగా కొద్దిగా పసుపు ఛాయ కలిగి ఉంటుంది. దానిని తెల్లగా చేయడానికి గాజుకు నీలిపూత పూస్తారు. ఆ పూత పసుపు, ఎరుపు కిరణాలను కొంతమేరకు ఆపివేస్తుంది. అనగా తంతువు పుట్టించిన వెలుగులో కొంత బయటకు రాకుండానే పోతుంది. కంటికి ‘తెల్లగా’ తోచినది ‘ఎక్కువ’ అని మనసు భ్రమపడుతుంది. పైగా నీలి ఛాయ ఎక్కువైన వెలుగు కంటిలోనే చెదిరి ఎదుటివారికి మరింత మిరుమిట్లు గొలుపుతుంది. ఒకానొక కాలంలో ఫ్రాన్సు దేశం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారి పట్టినది: 1936 నాటి నుంచి 1993 వరకు అక్కడి కార్లకు పసుపు వెలుగు హెడ్‌లైట్లే తప్పనిసరి. పసుపు వెలుగు వలన నిజంగా ఎంత మేలు కలిగినదన్న దానిపై వాదోపవాదాలు జరిగినవి కాని, నీలి వెలుగు మేలని మాత్రం ఏ దేశమూ చట్టం చేయలేదు.

‘100 శాతం’, ‘130 శాతం’ అని వ్రాసి ఉండే నాణ్యమైన కంపెనీల బల్బులు వేరు. వాటిలో వాట్లు పెరగవు. తంతువును సన్నగా, బిగువుగా, కచ్చితంగా చుట్టి వెలుగును ఒకచోట కూడదీస్తారు. ఆ శాతాలు మొత్తం వెలుగుకు సంబంధించినవి కావు. చట్టం కోరే కనిష్ఠ ప్రమాణంతో పోల్చి, రోడ్డు మీద ఏదో ఒక చోట ‘గరిష్ఠంగా’ దొరికే పెరుగుదలను అవి తెలుపుతాయి. వాటితో కొంత మేలు ఉన్నది, కాని ఆయువు తక్కువ. పగలూ రాత్రీ దీపం వెలిగే నేటి బండ్లలో ఆ ఆయువు ఇంకా త్వరగా కరిగిపోతుంది.

ఎల్.ఇ.డి. సంగతి

నీలి ఎల్.ఇ.డి.ని కనిపెట్టి తెల్లని పొదుపు దీపాలకు దారితీసినందుకు 2014లో ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అనే శాస్త్రజ్ఞులకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. నేడు పెక్కు కొత్త మోటారు సైకిళ్ళు కర్మాగారం నుంచే ఎల్.ఇ.డి. హెడ్‌లైటుతో వస్తున్నవి. వాటి రిఫ్లెక్టరును, కటకాన్ని ఆ దీపానికే తగినట్లుగా రూపొందించారు కనుక వాటితో చిక్కు లేదు.

చిక్కంతా హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్.ఇ.డి. ‘బల్బు’ను దూర్చడంతో వస్తుంది. రిఫ్లెక్టరు పుటాకార దర్పణం వంటిది. తంతువు కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న సన్నని చుట్ట. అది చుట్టూరా అన్ని దిక్కులకూ వెలుగును విరజిమ్ముతుంది. దాని స్థానాన్ని మిల్లీమీటరులో భాగాల వరకు లెక్కించి దర్పణం వంపు తీర్చారు. ఎల్.ఇ.డి. చిప్పులు పలకకు రెండువైపులా అంటించి ఉంటాయి; మిగిలిన దిక్కులకు వెలుగు తగినంతగా పోదు. చవక రకాలలో చిప్పు ఉండవలసిన చోట ఉండదు. ఫలితంగా రోడ్డు మీద పడవలసిన వెలుగు చెట్ల కొమ్మల మీదా ఎదుటివాడి ముఖం మీదా పడుతుంది. బండి ముందు నాలుగైదు మీటర్లు తెల్లగా వెలిగిపోతుంది. దానితో నడిపేవాడికి బ్రహ్మాండంగా ఉన్నదనిపిస్తుంది. దగ్గరి నేల అతిగా మెరిస్తే కంటిపాప ముడుచుకొని దూరపు చీకటిలో ఉన్నది మరీ కనిపించకుండా పోతుంది. అవసరమైన దూరంలో వెలుగు తగ్గి, అనవసరమైన చోట పెరిగినదన్నమాట.

సరిగా చేస్తే ఇదీ సాధ్యమేనని జర్మనీ అనుభవం చెబుతుంది. అక్కడ 2020లో హాలోజన్ స్థానంలో వాడదగిన మొదటి ఎల్.ఇ.డి. బల్బుకు అనుమతి లభించినది. అదైనా పరీక్షించి జాబితాలో చేర్చిన వాహనాలకు మాత్రమే. ఏ బండికైనా పనికివస్తుందని చెప్పి అమ్మే బల్బుకూ దీనికీ గల వ్యత్యాసం ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

ఎదుటివాడి కన్ను

పైన చెప్పిన 45 మందికి తోడుగా లెక్కలో మరొక 19 మంది ఉన్నారు. వారిని మరువరాదు. తీవ్రమైన వెలుగు కంట్లో పడగానే కంటిపాప ముడుచుకుంటుంది. వెలుగు దాటిపోయిన తరువాత చూపు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు. అంత దూరం ఎదుటి లారీ డ్రైవరు గుడ్డిగా నడుపుతాడు. ఆ 50 మీటర్లలో ఉన్నవాడు దీపం లేని సైకిలు మీద వెళ్ళే మన పక్కింటి మనిషి కావచ్చును. చివరికి మనమే కావచ్చును.

వయస్సును కూడా గమనించాలి. అరవై ఏళ్ళవాడి కంటిలోపలి తెరను చేరే వెలుగు ఇరవై ఏళ్ళవాడి కంటిని చేరేదానిలో సుమారు మూడో వంతు. కటకం పచ్చబడుతుంది, శుక్లాలు మొదలవుతాయి, వెలుగు లోపల చెదిరిపోతుంది. పదవీ విరమణకు దగ్గరైన కార్మికుడు రాత్రి డ్యూటీ నుంచి వస్తూ ఉంటే, కుర్రవాడికి ‘కాస్త ఎక్కువ’ అనిపించే వెలుగు ఆయనకు తెల్లని గోడ అవుతుంది. ‘‘నీకు దారి కనబడితే చాలదురా అబ్బీ, ఎదటోడికి నువ్వు కనబడాలి, దారీ కనబడాలి’’ అని శ్రీకాకుళం పెద్దలు చెప్పే మాటలో ఈ శాస్త్రమంతా ఇమిడి ఉన్నది.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం ప్రకారం, దీపానికి 8 మీటర్ల ముందు, దాని కుడి అంచుకు అర మీటరు కుడిగా, నేల నుంచి మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు కలగకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను మరొకసారి నొక్కిచెప్పినది. అదే వాట్లు, అదే రకం గల మంచి బల్బును తిరిగి వేసుకోవడం మరమ్మతు. 100 వాట్లు బిగించడం మరమ్మతు కాదు.

బల్బు కొనేముందు, కొన్న పిమ్మట

ఒకటి: హెడ్‌లైటు అద్దాన్ని లోపలా వెలుపలా చూడండి. ఉక్కునగరపు ధూళి, వానకాలపు బురద పలుచని పొరగా పేరుకొని చాలా వెలుగును మింగివేస్తాయి. ప్లాస్టిక్ కవరు పచ్చబడితే పాలిష్ చేయించండి. రిఫ్లెక్టరు వెండిపూత పోయినట్లయితే ఎంతటి బల్బూ దానిని కాపాడలేదు, డూమ్ మార్చవలసినదే. రిఫ్లెక్టరును గుడ్డతో రుద్దరాదు, పూత ఊడిపోతుంది.

రెండు: పైన చెప్పినట్లు వోల్టులు కొలిపించండి.

మూడు: దీపం దిశ సరిచూడండి. చదునైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో బండిని నిటారుగా నిలపండి. మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందీ ఎక్కి కూర్చోవాలి. వెనుక మనిషి కూర్చుంటే బండి ముక్కు పైకి లేస్తుంది, దానితో వెలుగూ లేస్తుంది. దీపం నడిబొడ్డు ఎత్తును గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గుర్తుకు 5 నుంచి 10 సెంటిమీటర్లు కిందుగా పడాలి. దీపం 90 సెంటిమీటర్ల ఎత్తున ఉన్న బండిలో 10 సెంటిమీటర్ల వంపుకు వెలుగు అంచు 45 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. 5 సెంటిమీటర్లకైతే 90 మీటర్ల దూరంలో. దిశ ఒక్క డిగ్రీ పైకి తప్పితే 30 మీటర్ల దూరంలో వెలుగు అర మీటరు పైకి ఎగురుతుంది. సరిగ్గా ఎదుటివాడి కళ్ళ దగ్గరకు. ఒక స్క్రూడ్రైవరుతో అయిపోయే ఈ పనిని చేయించినవారిలో చాలామందికి కొత్త బల్బు అవసరమే ఉండదు.

నాలుగు: ఇవన్నీ చేసిన పిమ్మట కూడా వెలుగు చాలదనిపిస్తే, పాత బల్బు మీద ముద్రించిన రకాన్ని, వాట్లను చూసి, అదే రకంలో పేరున్న కంపెనీ బల్బును బిల్లుతో కొనండి. రంగుపూత లేనిది ఎన్నుకోండి. బిగించేటప్పుడు గాజును వేలితో తాకవద్దు; చేతి చెమట, జిడ్డు క్వార్ట్‌జ్‌కు అంటుకొని, వేడిలో ఆ చోట గాజు చెడి బల్బు పగులుతుంది. పొరపాటున తాకితే స్పిరిటులో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. విడిబల్బు ఒకటి బండిలో ఉంచుకోవడం ఎప్పుడూ మంచిదే.

అయిదు: ఎదురుగా వాహనం వచ్చినప్పుడు డిమ్ చేయండి, ముందు వెళ్ళే వాహనం వెనుక నడుస్తున్నప్పుడు కూడా చేయండి. అతడు చేయకపోయినా మనం చేయాలి. పట్టుదలకు పోయి ఇద్దరూ హైబీములోనే ఉంటే, ఇద్దరు గుడ్డివారు ఒకరినొకరు దాటుకుంటున్నట్లే లెక్క. వెలుగు కంట్లో పడితే దానివైపు చూడక, చూపును రోడ్డు ఎడమ అంచు మీద నిలిపి వేగం తగ్గించండి.

‘తన దీపమని ముద్దులాడితే మూతి కాలదా’ అన్నారు మనవారు. బండి దీపం మనదే అయినా దాని వెలుగు పడే రోడ్డు అందరిదీ. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేవాడికి కావలసినది రోడ్డునంతా పగలు చేసే దీపం కాదు. తాను ఆగగలిగినంత దూరం చూపించి, ఎదుటివాడిని కూడా క్షేమంగా ఇల్లు చేరనిచ్చే దీపం.